పందిరి మంచానికి తగిన సామాను: ఒక గది డైరీ

మే నెల చివరి వారం: మంచం కొలతలు

కోనసీమ లంక గ్రామంలోని అమ్మమ్మగారి ఇల్లు ఈ వేసవిలో విప్పేస్తున్నారు. అందులోని టేకు పందిరి మంచం హైదరాబాదులోని మా ఫ్లాటుకు రావాలని, దాని మీదే తాను పడుకోవాలని అమ్మ కోరిక. గది సిద్ధం చేసే పని నాది. టేపు పట్టిన మొదటి పూటే, మంచాన్ని గదిలో ఎక్కడ వేయాలన్నది చిన్న ప్రశ్న అని, దాని పక్కన ఏ సామాను నప్పుతుందన్నదే అసలు ప్రశ్న అని అర్థమైంది. ఊళ్లో ఉన్నప్పుడు ఆ మంచం మీద పరుపు పైభాగం నేల నుండి 37 అంగుళాల ఎత్తున ఉండేది. ఈ రోజుల్లో దుకాణాల్లో దొరికే మంచాలు పరుపుతో కలిపి సుమారు 18 నుండి 24 అంగుళాలు ఉంటాయి కాబట్టి, పక్క బల్లలు, దీపాలు, కుర్చీలు, చివరికి గోడ మీది స్విచ్ బోర్డులు కూడా ఆ ఎత్తును దృష్టిలో పెట్టుకొని తయారైనవే.

అయితే ఆ 37 అంగుళాలూ మంచానివి కావు. మంచం కోళ్ల (కాళ్ల) కింద 3 అంగుళాల రాతి దిమ్మలు ఉన్నాయి. కోళ్ల అడుగు నుండి పరుపు వేసే చెక్క పైభాగం వరకు మంచం స్వంత ఎత్తు 27 అంగుళాలు. మిగిలిన 7 అంగుళాలు ఒకదాని మీద ఒకటి వేసిన రెండు బూరుగు దూది పరుపులవి. రాతి దిమ్మలు నేల తేమ నుండి, చెదల నుండి కోళ్లను కాపాడడానికి పెట్టినవి. హైదరాబాదులో మూడో అంతస్తులో, పలకలు పరిచిన నేల మీద వాటికి పని లేదు కనుక వాటిని ఊళ్లోనే వదిలిపెట్టడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. కొత్త సామాను ఏదీ కొనకుండానే 3 అంగుళాలు దిగాయి.

కోళ్లను కూడా 6 అంగుళాలు కోయించేస్తే మామూలు సామానే సరిపోతుంది కదా అని మామయ్య సలహా ఇచ్చారు. అది తేలికగా తోసిపుచ్చదగిన సలహా కాదు. కానీ ఈ మంచంలో కోడు, పందిరి స్తంభం వేరువేరు కావు. నేల నుండి పందిరి చట్రం వరకు 84 అంగుళాల పొడవున ఒకే చెక్కను తరిమెన (లేత్) పట్టి చేశారు. కింద కలశం ఆకారంలో తిరిగిన భాగం సరిగ్గా ఆ 6 అంగుళాల్లోనే ఉంది. దానిని కోస్తే స్తంభం మొత్తం పాదం లేనిదై పోతుంది. పైగా 1986 ఆగస్టు వరదలో, భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరిన ఆ రోజుల్లో, ఇంట్లోకి నీరు వచ్చినప్పుడు ధాన్యపు బస్తాలను, కాగితాల పెట్టెను ఆ మంచం మీదికే చేర్చారని అమ్మ ఎప్పుడూ చెబుతూ ఉంటుంది. లంకల్లో అంత ఎత్తు మంచాలు చేయించడం ఆడంబరానికి కాదు. కోళ్లు కోయకూడదని ఆ పూటే తీర్మానమైంది.

జూన్ మొదట్లో: ముందు పరుపు, తరువాతే మిగిలినవి

ఎత్తైన మంచం విషయంలో ఎవరైనా సలహా అడిగితే నేను మొదట చెప్పే మాట ఇదే: పరుపు ఇంటికి వచ్చేవరకు పక్క బల్ల కొనకూడదు. నేల నుండి కాదు, పరుపు పైభాగం నుండి గదిలోని ప్రతి వస్తువు ఎత్తూ లెక్క కట్టాలి. ఆ పరుపు మందం ఒక్క అంగుళం మారినా మెట్ల పీట లెక్క, బల్ల లెక్క, దీపం లెక్క అన్నీ మారతాయి.

దుకాణాల్లో ఇప్పుడు ముందుకు తోస్తున్న స్ప్రింగు పరుపులు 8 నుండి 10 అంగుళాల మందం ఉంటాయి. వాటిలో ఏది వేసినా మేము దిమ్మలు తీసి సాధించిన తగ్గింపులో కొంతైనా తిరిగి పోతుంది. పైగా ఈ మంచం లోపలి కొలత 76 అంగుళాల పొడవు, 52 అంగుళాల వెడల్పు కావడంతో సిద్ధంగా దొరికే సైజులేవీ అందులో కూర్చోవు. కొలతకు కోయించుకోక తప్పదు కాబట్టి 4 అంగుళాల రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు పరుపును ఎంచుకున్నాను. మెత్తదనం తక్కువన్నది నిజమే. అయితే ఎత్తు మంచానికి పరుపు అంచు గట్టిగా ఉండడం మధ్య భాగం మెత్తగా ఉండడం కంటే ముఖ్యం. దిగేటప్పుడు మనిషి బరువంతా అంచు మీదే పడుతుంది, అది కుంగి జారిపోయేదైతే కింద ఎంత మంచి పీట వేసినా ప్రయోజనం ఉండదు. మెత్తదనం కోసం పైన పలుచని బూరుగు దూది బొంత వేశాము. దాని మీద కూర్చొని కొలిస్తే నేల నుండి 31 అంగుళాలు వచ్చింది. ఇక మీదట ఈ డైరీలో లెక్కలన్నీ ఈ 31 నుండి మొదలవుతాయి.

మంచం రవాణా గురించి ఎక్కువ రాయవలసినది లేదు. పట్టెల (కోళ్లను కలిపే అడ్డ చెక్కల) కొనలు కోళ్లలోని బెజ్జాల్లోకి దిగే పాతకాలపు పని కనుక మేకు తీయకుండానే విడిపోయింది. ఏ పట్టె ఏ కోడుదో సుద్దతో అంకెలు వేసుకొని, కోళ్లను పాత దుప్పట్లలో చుట్టి తెచ్చాము. లిఫ్టులో పట్టని స్తంభాలు మెట్ల మీదుగా వచ్చాయి.

జూన్ రెండో వారం: గదిలో చోటు

గది పొడవు 12 అడుగులు, వెడల్పు 11 అడుగులు. తల దక్షిణం వైపు ఉండాలన్న విషయంలో అమ్మ రాజీ పడదు కాబట్టి ఆ గోడకే తలవైపు వచ్చింది. మంచం బయటి వెడల్పు 58 అంగుళాలు. కిటికీ వైపు ఊడ్చుకోవడానికి 18 అంగుళాలు వదిలితే, రెండో వైపు 56 అంగుళాలు మిగిలాయి. కాళ్లవైపు గోడకు బిల్డరు కట్టించిన 24 అంగుళాల లోతు వార్డ్‌రోబ్ ముందే ఉంది. మంచానికి, దానికి మధ్య 36 అంగుళాల దారి ఉండడంతో తలుపులు తెరుచుకోవడానికి ఇబ్బంది లేదు.

కిటికీ విషయంలో ఎత్తు మంచం మేలు చేసింది. కిటికీ గట్టు నేల నుండి 36 అంగుళాలు, అంటే పరుపు కంటే 5 అంగుళాలే ఎక్కువ. పడుకున్న మనిషికి నేరుగా గాలి తగులుతుంది. మామూలు మంచం మీద ఈ గాలి మనిషి పైనుండి వెళ్లిపోతుంది. ఆ వైపు పడుకునే మా అమ్మాయి నీళ్ల సీసా, పుస్తకం పెట్టుకోవడానికి గ్రానైట్ గట్టే చాలు. కనుక రెండు వైపులా జత బల్లలు ఉండాలన్న షోరూము పద్ధతిని వదిలేశాను. అయితే గట్టు అంత దగ్గరలో ఉన్నప్పుడు కిటికీకి గట్టి ఇనుప గ్రిల్ ఉండడం తప్పనిసరి. పిల్లలు పరుపు మీది నుండి గట్టు మీదికి ఒక్క అడుగులో వెళ్లగలరు.

జూన్ మూడో వారం: మెట్ల పీట

ఈ ప్రాజెక్టులో ఎక్కువ ఆలోచన పీటకే ఖర్చయింది. ఊళ్లో అమ్మ 9 అంగుళాల చెక్క పీట ఒకటి వేసుకొని, స్తంభం పట్టుకొని ఎక్కేది. అప్పుడు ఆమె వయసు వేరు, మోకాళ్లు వేరు. ఇప్పుడు ఎక్కడం కంటే దిగడం కష్టం, అందులోనూ అర్ధరాత్రి నిద్ర మత్తులో దిగడం మరీ కష్టం.

లెక్క ఇలా సాగింది. కుర్చీలో హాయిగా కూర్చున్నట్టు పాదాలు పూర్తిగా ఆనాలంటే, కూర్చునే చోటుకు పాదం మోపే చోటుకు మధ్య దూరం మోకాలి కింది భాగం పొడవుకు దగ్గరగా ఉండాలి. అమ్మకు అది చెప్పుల్లేకుండా 15 అంగుళాలు. పరుపు ఎత్తు 31 కాబట్టి పీట పై మెట్టు 15 లేదా 16 అంగుళాల ఎత్తున ఉండాలి. 16 అనుకుంటే రెండు మెట్లలో ఒక్కోటి 8 అంగుళాలు అవుతుంది, అది నిటారు. ఇళ్లలోని మెట్లకు జాతీయ భవన నిర్మాణ నియమావళి అనుమతించే గరిష్ఠ ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు ఏడున్నర అంగుళాలు. అలాంటివి రెండు కలిపితే సరిగ్గా 15. అంచు మీద కూర్చున్నప్పుడు పరుపు కొద్దిగా నొక్కుకుపోతుంది కనుక మిగిలిన 16 అంగుళాలు అమ్మ కాలికి సరిపోయేంతగా తగ్గుతాయి. ఇంతకంటే చక్కగా కుదిరే కొలత వేరొకటి దొరకదనిపించింది.

కాగితం మీద కుదిరినా, వడ్రంగి మేస్త్రిగారు మొదట సెంట్రింగ్ చెక్కతో తాత్కాలిక పీట కొట్టి తెచ్చారు. దాని కింద ప్లైవుడ్ ముక్కలు పెడుతూ, తీస్తూ, ఆయన ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకొని ఉండగా అమ్మ ఎక్కి దిగి చూసింది. ఆ పరీక్షలో కొలతల్లో లేని విషయం బయటపడింది. మామూలు మెట్టుకు 250 మిల్లీమీటర్లు, అంటే 10 అంగుళాల లోతు చాలు. కింది మెట్టుకు అదే ఉంచాము. కానీ పై మెట్టు మీద మనిషి అడుగు వేసి ముందుకు సాగిపోదు, అక్కడే నిలిచి, వెనక్కి తిరిగి, పరుపు మీద కూర్చుంటుంది. అలా తిరగడానికి 10 అంగుళాలు చాలడం లేదు. “ఇది మెట్టు కాదమ్మగారూ, చిన్న అరుగు అనుకోండి” అని మేస్త్రిగారు పై పలకను 15 అంగుళాల లోతుకు పెంచారు. వెడల్పు 22 అంగుళాలు పెట్టాము. మొత్తం పీట మంచం నుండి 25 అంగుళాలు ముందుకు వస్తుంది, ఆ తరువాత గోడ వరకు ఇంకా 31 అంగుళాల నడక దారి ఉంది.

చెక్క కోసం దుకాణానికి వెళ్లనక్కరలేకపోయింది. విప్పిన ఇంటి కిటికీ చట్రాలు మంచంతో పాటే వచ్చాయి. మంచమూ, ద్వారబంధాలూ ఒకే దఫా కలపతో చేయించారట. ఆ కాలంలో ఏజెన్సీ అడవుల టేకును తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమహేంద్రవరం వరకు తెచ్చేవారు. పాత చెక్కను చిత్రిక పట్టే ముందు అయస్కాంతంతో అంగుళం అంగుళం తడమాలి, ఎందుకంటే లోపల విరిగి మిగిలిన మేకు ఒక్కటి చాలు బ్లేడు అంచు పోవడానికి. మేస్త్రిగారు ఆ పనిని తొందర లేకుండా చేశారు.

జూన్ చివర: పీట ఎక్కడ వేయాలి, ఏమి పట్టుకోవాలి

తలవైపు స్తంభాన్ని పట్టుకొనేలా పీటను తలకు దగ్గరగా వేయాలన్నది అందరి మొదటి ఆలోచన. అలా వేస్తే తలవైపు రాబోయే సొరుగుల బల్లకు అడ్డం వస్తుంది. బల్ల లోతు 18 అంగుళాలు, సొరుగు బయటికి రావడానికి ఇంకో 16 అంగుళాలు కావాలి. అంటే గోడ నుండి 34 అంగుళాల వరకు పీట రాకూడదు. అక్కడి నుండి 56 వరకు వేస్తే అది మంచం పొడవుకు కాస్త అటూ ఇటుగా మధ్యకు వస్తుంది. ఇదే మేలని వాడకంలో తెలిసింది: మధ్యలో కూర్చున్న మనిషి ఒక పక్కకు వాలి కాళ్లు పైకి తీసుకుంటే తల దిండు మీదికే చేరుతుంది, పక్కకు జరగనక్కరలేదు.

అయితే స్తంభం చేతికి అందదు. అందుకని పీటకే తలవైపు పక్కన నేల నుండి 45 అంగుళాల ఎత్తున, అంటే పై మెట్టు నుండి 30 అంగుళాల ఎత్తున, ఒక చేతి కొయ్య అమర్చాము. దానిని మంచం స్తంభం నమూనాలోనే తరిమెన పట్టించారు. చేతి కొయ్య మీద బరువు వేసి లాగితే పీట ఒరిగే ప్రమాదం ఉంది కనుక పీటను మంచానికి కట్టివేయాలి, కానీ పాత పట్టెకు రంధ్రం వేయడానికి నాకు చేతులు రాలేదు. మంచి నవారు తీసుకొని, పట్టె చుట్టూ తిప్పి, బకిల్‌తో బిగించే రెండు పట్టీలు కుట్టించాను. ఊడ్చేటప్పుడు విప్పి పీటను పక్కకు తీయవచ్చు. పీట కాళ్లకు రబ్బరు బుష్షులు, మెట్ల అంచులకు జారని పట్టీలు వేశాము. నున్నటి టైల్స్ నేల మీద ఇవి లేకుండా ఏ పీటా వాడకూడదు.

రాత్రి దిగేటప్పుడు మెట్టు కనిపించాలి. పట్టె కింది వైపున, కళ్లలో పడకుండా, కదలికను పసిగట్టి వెలిగే పసుపు రంగు ఎల్‌ఈడీ పట్టీ అతికించాను. అమ్మ కాలు కిందికి వేలాడిన వెంటనే వెలుగు వస్తుంది.

జూలై మొదటి వారం: సొరుగుల బల్ల

పడుకొని చేయి చాపితే అందేలా ఉండాలంటే పక్క బల్ల పైభాగం పరుపుకు సమంగా గాని, ఒకటి రెండు అంగుళాలు తక్కువగా గాని ఉండాలి. పరుపు కంటే ఎక్కువ ఎత్తయితే మోచేయి అంచుకు తగులుతుంది. మరీ తక్కువైతే నీళ్ల గ్లాసు కోసం వంగి మంచం మీది నుండి తూలే ప్రమాదం ఉంది, 31 అంగుళాల ఎత్తు నుండి తూలడం మామూలు విషయం కాదు. కనుక మాకు కావలసినది 29 నుండి 31 అంగుళాల బల్ల.

మంచం పక్క బల్లల విభాగంలో ఆ ఎత్తున ఏదీ దొరకదు. 20 నుండి 24 అంగుళాలు దాటవు. కానీ ఇతర విభాగాల్లో ఆ ఎత్తు సర్వసాధారణం. భోజనాల బల్ల, రాత బల్ల సుమారు 30 అంగుళాలు ఉంటాయి. పాత తొక్కుడు కుట్టు మిషన్ బల్ల కూడా ఇంచుమించు అంతే, కనుక అమ్మమ్మ మిషన్‌నే పక్కన వేద్దామని పిన్ని అన్నది. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది గాని, కింది తొక్కుడు పలకకు చీర చిక్కుకుంటుంది, మందులు దాచడానికి లోతైన సొరుగు ఉండదు. గురువారం నాడు జుమ్మేరాత్ బజారులో పాత ఆఫీసు బల్లలు చూశాను. ఎత్తు సరిపోయినవి వెడల్పు ఎక్కువై మన 56 అంగుళాల దారిని మింగేసేలా ఉన్నాయి.

చివరికి మేస్త్రిగారి చేతనే 24 అంగుళాల వెడల్పు, 18 లోతు, 30 ఎత్తు గల బల్ల చేయించాను. పెట్టె భాగానికి ఐఎస్ 303 ముద్ర ఉన్న నీటికి తట్టుకునే రకం ప్లైవుడ్, ముందు భాగానికి మిగిలిన టేకు. పైన మూడు వైపులా అర అంగుళం ఎత్తు అంచు కట్టించాను, మందు బిళ్లలు, కళ్లజోడు దొర్లిపోకుండా. పై సొరుగును 4 అంగుళాల లోతుకే పరిమితం చేశాము, పడుకొని తెరిచే మనిషికి లోతైన సొరుగులో వస్తువు కనిపించదు. బరువైన సొరుగులు రెండు ఒకేసారి బయటికి లాగితే ఇలాంటి ఎత్తు బల్ల ముందుకు పడవచ్చు కాబట్టి వెనుక ఎల్ ఆకారపు బిళ్లలతో గోడకు బిగించాము. కొత్తగా చెక్కిన టేకు మొదట మచ్చలు మచ్చలుగా కనిపించినా వెలుగు తగిలిన కొద్దీ రంగు సర్దుకుంటుంది. అందువల్ల మంచానికి రంగు కలపాలని ఆరాటపడి ముదురు పాలిష్ వేయించలేదు. మంచానికి ఉన్నది లక్క పాలిష్, దీనికీ అదే పలుచగా వేశారు.

జూలై మధ్యలో: స్విచ్చులు, దీపం, ఫ్యాను

తలవైపు గోడ మీద ఉన్న స్విచ్ బోర్డు నేల నుండి 24 అంగుళాల ఎత్తున, కొత్త బల్ల వెనుక దాగిపోయింది. ఎలక్ట్రీషియన్ గోడకు గాడి కొట్టి దానిని 38 అంగుళాలకు ఎత్తాడు. బల్ల గోడకు బిగించక ముందే చేయించవలసిన పని ఇది, ఆ వరుసలోనే జరిగింది. బల్ల మీద పెట్టే దీపాలు ఎక్కువగా రెండు అడుగులకు పైబడి ఉంటాయి. 30 అంగుళాల బల్ల మీద అవి గది మధ్యలో లాంతరు స్తంభంలా లేస్తాయి. దానికి బదులు 52 అంగుళాల ఎత్తున గోడకు దీపం బిగించాము. దిండ్లకు ఆనుకొని చదివే మనిషి కన్ను ఇంచుమించు 51 అంగుళాల దగ్గర ఉంటుంది.

ఫ్యాను విషయంలో జాగ్రత్త అవసరం. పైకప్పు 114 అంగుళాల ఎత్తున ఉంది. ఫ్యాను నేల నుండి కనీసం 2.4 మీటర్ల ఎత్తున ఉండాలని, రెక్కలకు పైకప్పుకు మధ్య 30 సెంటీమీటర్లు ఉండాలని నియమం. చిన్న రాడ్డు వేయించి రెక్కలను 102 అంగుళాల దగ్గర నిలిపాము. అయినా పరుపు మీద నిలబడిన 5 అడుగుల 5 అంగుళాల మనిషి తల 96 అంగుళాలకు చేరుతుంది, చేయెత్తితే రెక్క తగులుతుంది. దోమతెర కట్టేటప్పుడు ఫ్యాను ఆపి తీరాలని ఇంట్లో అందరికీ చెప్పాను. ఆ తెరకు పీట వైపున తెరుచుకునే చీలిక పెట్టించి, రెండు అంచులు 18 అంగుళాలు ఒకదాని మీద ఒకటి పడేలా కుట్టించాము.

జూలై చివర: కూర్చునేవి, దాచుకునేవి

మంచం కాళ్లవైపు వేసే పొడవాటి బెంచీలు చాలా చూపించారు. 18 అంగుళాల బెంచీ ఈ మంచం ముందు కనిపించదు, 36 అంగుళాల దారిని ఇరుకు చేస్తుంది. అక్కడ ఏమీ వేయలేదు. వార్డ్‌రోబ్ ఎత్తు 84 అంగుళాలు, పందిరి స్తంభాల ఎత్తూ అంతే. ఆ గీత కంటికి నిండుగా ఉంది కనుక వార్డ్‌రోబ్‌ను మార్చలేదు. డ్రెస్సింగ్ టేబుల్ మాత్రం మానుకున్నాము. దాని ముందు కూర్చోవడానికి వేసే ముక్కాలి పీటలు ఈ గదిలో బొమ్మల పీటల్లా ఉంటాయి. మంచానికి ఎదురుగా అద్దం ఉండడం అమ్మకు ఇష్టం లేనందున, నిలువు అద్దాన్ని వార్డ్‌రోబ్ తలుపు లోపలి వైపు బిగించాము.

కుర్చీ సంగతి మాత్రం పిన్ని వచ్చినప్పుడు తెలిసింది. 17 అంగుళాల కుర్చీలో కూర్చున్న పిన్ని, మంచం మీది అక్కతో మాట్లాడాలంటే మెడ ఎత్తి చూడవలసి వచ్చింది. “ఏమే అక్కా, సింహాసనం మీది నుండి కిందికి చూడవా” అని నవ్వించింది గాని, మెడ నొప్పితో గంటసేపు కూర్చోలేకపోయింది. 24 అంగుళాల ఎత్తు, వెనుక ఆనుకునే పలక, కింద కాలు పెట్టుకునే అడ్డకర్ర ఉన్న స్టూలు ఒకటి చేయించాను. రక్తపోటు చూడడానికి వచ్చే నర్సమ్మకు మాత్రం ఈ మంచమే నచ్చింది, వంగకుండా పని జరుగుతుందట.

మంచం కింద పట్టె దిగువన 22 అంగుళాల ఖాళీ ఉంది. మామూలు మంచాల కింద ఇమడని 16 అంగుళాల ఇనుప ట్రంకు పెట్టెలు ఇక్కడ చక్రాలతో సహా దూరతాయి. పెట్టెలను పీట వైపు నుండి లాగడం కుదరదు కాబట్టి కాళ్లవైపు నుండి లాగేలా పొడవుగా వేశాము. కిటికీ వైపు సగం ఖాళీగా వదిలాను, లోపలికి చీపురు, తడిగుడ్డ కర్ర పోవాలి.

ఆగస్టు మొదటి వారం: మిగిలినవి

పీచు పరుపు వాడకంలో కొద్దిగా సర్దుకొని, పైభాగం అర అంగుళం దిగింది. బల్ల ఇప్పుడు పరుపుకు దాదాపు సమానంగా ఉంది, పీట లెక్క మారలేదు. నవారు పట్టీల్లో ఒకటి సాగినట్టు కనిపిస్తోంది, దానికి రెండో బకిల్ కుట్టించాలి. చేతి కొయ్యకు చివరి లక్క పూత మిగిలి ఉంది, వానలు కాస్త తెరిపి ఇస్తే వేస్తానని మేస్త్రిగారు చెప్పారు, తేమ గాలిలో వేస్తే పూత తెల్లబారుతుందట. అంతవరకు అమ్మ దానిని పూత లేకుండానే వాడుతోంది.